నిద్రగన్నేరు సైకిల్ స్టాండు

మా పిన్నికి కూర్చుంటే కునుకు, ఆనుకుంటే నిద్ర. మా ఇళ్ళల్లో ఆమెను అందరూ నిద్రగన్నేరు అంటారు. ఆ చెట్టయినా పొద్దువాలాక ఆకులు ముడుచుకుంటుంది, మా పిన్ని పట్టపగలే ముడుచుకుంటుంది. అలాంటి మనిషికి కాపలా పని అప్పజెప్పిన మహానుభావులెవరని అడగకండి. రైలు స్టేషన్ పక్కనున్న సైకిల్ స్టాండు తాళంచెవి చాలా ఏళ్ళుగా ఆమె దగ్గరే ఉంది.

నేను ఆమెకు అక్క కూతుర్ని. స్టేషన్ ఎదురుగా ఉన్న మందుల షాపులో పనిచేస్తాను. మా షాపు అద్దాల తలుపులోంచి చూస్తే స్టాండు గేటూ, గేటు పక్కన చేతుల కుర్చీ, అందులో ఒక పక్కకు ఒరిగిన పిన్ని తలా కనిపిస్తాయి. నాకు ముక్కుమీద కోపం. దగ్గుమందు అడగడానికి వచ్చి వాళ్ళ మేనత్త దగ్గు దగ్గర్నుంచి మొదలుపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు ఒక్కసారి గేటు వైపు చూసి, ఆ తల ఒరిగి ఉండటం చూస్తే కోపం దానంతటదే దిగిపోతుంది.

ఆ స్టాండు కూడా నిద్రకు అనువైన చోటే. చుట్టూ ఇనుప కంచె, పైన రేకులు. పొద్దుటి రైలుకు వెళ్ళేవాళ్ళు ఆయాసపడుతూ వచ్చి బండ్లు నిలబెట్టి, చీటీ జేబులో కుక్కుకుని పరిగెడతారు. మళ్ళీ సాయంత్రం రైలు వచ్చేదాకా అక్కడికి పురుగు కూడా రాదు. రేకులకు పాత మేకుల కన్నాలు చాలా ఉన్నాయి. వాటిలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగి ఒక సీటు మీంచి ఇంకో సీటు మీదికి మెల్లగా పాకుతూ ఉంటుంది. గాలి వీస్తే, నేలకు అందని చక్రం ఏదో ఒకటి తనంతట తనే తిరుగుతుంది. స్పోకుల నీడ గోడ మీద తిరుగుతుంది. దాన్ని చూస్తూ ఉంటే నాక్కూడా కళ్ళు బరువెక్కుతాయి.

"బండ్లు కూడా నిద్రపోతాయే" అంటుంది పిన్ని. "పొద్దున్నే అంతంత మనుషుల్ని మోసుకొచ్చాయి. వాటికి మాత్రం అలుపుండదా?"

అసలు సంగతేమిటంటే, పిన్నికి రాత్రి నిద్ర లేదు. ఇంట్లో వాళ్ళ అత్తగారు ఉంది. నేను ఆమెను మామ్మ అంటాను. మామ్మ వయసులో ఉన్నప్పుడు సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసింది. చక్రం ఇరుసుకు బిగించడం, బ్రేకులు సర్దడం, బెల్లు పెట్టి ఒకసారి మోగించి బండిని ముందుకు తోయడం, ఇదే ఆమె పని. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. మామ్మ మనసు కూడా ఈమధ్య ఒక్కో గదీ మూసుకుంటూ వస్తోంది. ఇప్పుడామెకు మనుషులు గుర్తులేరు. కోడల్ని "ఏమ్మా" అంటుంది, కన్నకొడుకుని "అయ్యా" అంటుంది, నన్ను చూస్తే కొత్త చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా నవ్వుతుంది. రాత్రంతా ఇల్లు చుట్టబెడుతుంది, వీధి తలుపు తీస్తుంది. ఆమె వెనకాలే పిన్ని తిరుగుతుంది. తెల్లవారాక మామ్మ పడుకుంటుంది, పిన్ని స్టాండుకు వస్తుంది.

"బయట గొళ్ళెం పెట్టేస్తే పోతుంది కదా పిన్నీ" అని నేనొకసారి అన్నాను.

పిన్నికి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "మతిమరుపు మొదలైన కొత్తల్లో ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. ఏం చేసినా చెయ్యి గానీ నన్ను లోపల పెట్టి గొళ్ళెం మాత్రం వెయ్యకమ్మా అంది. నేను సరేనన్నాను. ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తకు" అంది. అందుకే పగటిపూట పక్కింటి టైలరమ్మ ఒక చెవి ఇటు వేసి ఉంచుతుంది. కానీ కుట్టుమిషన్ తొక్కుతుంటే చెవులెక్కడ పనిచేస్తాయి చెప్పండి.

ఇలా ఉండగా స్టాండులో బెల్లులు మారడం మొదలైంది.

మొదట అది కోర్టు గుమాస్తా బండికి జరిగింది. ఆయన బండి నల్లటిది, ఆయనలాగే నిటారుగా ఉంటుంది. ఒక సాయంత్రం ఆయన బండెక్కి బెల్లు నొక్కితే చిన్నపిల్లల బూర కూసింది. గులాబీ రంగుది, చివర కుందేలు బొమ్మ ఉంది. ఆయన సొంత బెల్లేమో ఎవరో బడిపిల్ల సైకిలుకు బిగించి ఉంది. మర్నాడు ఇంకెవరివో పెడళ్ళు మారాయి. ఒకాయన సీటు జానెడు పైకి లేచింది, ఒకావిడ బ్రేకు ముట్టుకుంటే చాలు బండి నిలువునా ఆగిపోతోంది. నిజానికి స్టాండులోంచి ఒక్క మేకు కూడా బయటికి పోలేదు. కానీ ఆ లెక్క ఎవరు చూస్తారు? దొంగలు పడుతున్నారని గుప్పుమంది.

"ఇవాళ బెల్లు మార్చినవాడు రేపు బండే మార్చడా?" అని గుమాస్తా స్టేషన్ అధికారి దగ్గరికి వెళ్ళాడు. కోర్టులో నలిగిన మనిషి కదా, ఫిర్యాదు చెయ్యడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. అధికారి వచ్చి పిన్నిని నిద్ర లేపి మరీ చెప్పాడు.

"చూడమ్మా, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే తాళంచెవి ఇచ్చెయ్యాలి. మేలుకుని ఉండేవాళ్ళకి ఇస్తాం."

పిన్ని ఆ రోజు మా షాపుకు వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి చాలాసేపు నిలబడింది. స్టాండు పోతే ఆమె పగలంతా ఇంకెక్కడో పని చూసుకోవాలి. అక్కడ కూర్చుని కునుకు తీస్తే ఎవరూరుకుంటారు? పగలు కునుకు లేకపోతే రాత్రి మామ్మ వెనక తిరగలేదు. తిరగలేకపోతే తలుపుకు గొళ్ళెం పడాలి. ఇదంతా ఆమె నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. 

"ఇంతకీ నీకేమీ వినపడదా? ఎవరూ కనపడరా?" అన్నాను.

"పడుకుంటే ఏం కనపడుతుందే, కలలు తప్ప? అవి మాత్రం ఈమధ్య భలే వస్తున్నాయి" అని ఆమె ముఖం కాస్త విచ్చుకుంది. "అత్తయ్య వస్తుంది. ఫ్యాక్టరీ నీలం కోటు వేసుకుని ఉంటుంది, చేతిలో పానా. వయసు ఒక పదేళ్ళు తగ్గినట్టుంటుంది. బండి తర్వాత బండి బాగుచేసుకుంటూ పోతుంది. ఎండ చుక్కలు కోటు మీద పడుతుంటాయి. అంత నెమ్మదిగా ఉన్న అత్తయ్యను చూసి ఎన్నాళ్ళయిందో! మెలకువ రాకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది."

"నువ్వలాగే కలలు కంటూ ఉండు, అవతల జనం బండ్లు విప్పుకుని పోతారు" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఈ గండం గట్టెక్కించడానికి బాబాయి నడుం కట్టాడు. బాబాయి పని ఇళ్ళకు కాలింగ్ బెల్లులు బిగించడం, బాగుచేయడం. కోయిల కూతలు, గుడిగంటలు, పాప నవ్వులు, అన్నీ ఆయన సంచిలో ఉంటాయి. మనిషి మాత్రం నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడడు. "ప్రతి బండికీ అలారం పెడదాం" అన్నాడు. ఆ వారమంతా ఆయన మాట్లాడింది అదే అనుకుంటాను.

చిన్న డబ్బా, అందులో ఒక ఇనుప గోళీ, బ్యాటరీ, బూర. సీటు కింద కట్టేస్తే ఎవరికీ కనపడదు. ఎవరైనా బండిని కదిపితే గోళీ దొర్లి తీగలు రెండూ కలుస్తాయి, బూర మోగుతుంది. డబ్బా చెయ్యడానికి ఆయనకు పెద్ద సమయం పట్టలేదు గానీ, కూత దగ్గరే పేచీ వచ్చింది. ఏ కూతా ఆయనకు నచ్చదు. వినడం, తల అడ్డంగా ఊపడం, స్క్రూ తిప్పడం, మళ్ళీ వినడం. ఇంట్లో ఉన్న బల్లులు కూడా వలస పోయాయి. టైలరమ్మ వచ్చి దండం పెట్టింది. చివరికి ఒక కూత కుదిరింది. కిందినుంచి మెల్లగా లేచి, పైకి వెళ్ళి అక్కడ కాసేపు నిలబడి, మళ్ళీ అలాగే దిగిపోయే కూత. విన్నాక బాబాయి డబ్బా మూత బిగించాడు.

పెట్టిన రోజు నవ్వులాటే అయింది. సీటు మీద పావురం వాలితే కూత, గాలి గట్టిగా వీస్తే కూత, ఒకదానికి ఒకటి అంటుకుని వరస మొత్తం కూత. ప్లాట్‌ఫారం మీద జనం రైలొస్తోందనుకుని మూటలు నెత్తికెత్తుకున్నారు. మా షాపుకు చెవిలో పెట్టుకునే దూది గిరాకీ పెరిగింది. బాబాయి వచ్చి ఒక్కో డబ్బా సర్దాడు. ఇప్పుడు గాలికీ పిట్టకీ మోగదు, మెల్లగా చెయ్యి వేసినా మోగదు. బండి పట్టుకుని గట్టిగా కుదిపితేనే మోగుతుంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఒకసారి అలారం మోగేది. పిన్ని ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకుంటూ వెళ్ళి చూసేది. ఎవరూ ఉండరు. వెనకవైపు కంచె దగ్గరున్న కొళాయి మాత్రం బొట్టు బొట్టుగా కారుతూ ఉంటుంది. అక్కడ గచ్చు తడిగా ఉంటుంది, సబ్బు వాసన వేస్తుంది.

"స్నానం చేసి మరీ దొంగతనానికొచ్చే దొంగ ఎవడే?" అంది పిన్ని.

"వాడెవడైతేనేం, పారిపోతున్నాడుగా" అన్నాడు బాబాయి.

నిజమే, బెల్లులు మారడం ఆగిపోయింది. ఎవరి సీటు వాళ్ళ ఎత్తులోనే ఉంది. గుమాస్తా కూడా చీటీ తీసుకుంటూ పిన్నిని చూసి తల పంకించాడు. ఆయన వరకూ అది సన్మానం చేసినట్టే. పిన్ని కడుపులో చల్ల కదలకుండా మళ్ళీ నిద్రపోసాగింది. అయితే నీలం కోటు కల ఇప్పుడు సగంలో తెగిపోతోందని చెప్పి కొంచెం దిగులుపడేది.

ఆ వారంలోనే గుమాస్తా పడ్డాడు. సాయంత్రం రైలు దిగి, బండి తీసుకుని, మా షాపు ముందున్న పల్లంలోకి దిగాడో లేదో ముందు చక్రం ఊడి పక్కకు పరిగెత్తింది. బండి ముక్కుమీద కూలబడింది, ఆయన దాని మీదుగా రోడ్డు మీద పడ్డాడు. గడ్డం చీరుకుపోయింది, మణికట్టు వాచింది. నేనే లోపలికి తీసుకొచ్చి రక్తం తుడిచి కట్టు కట్టాను. కట్టు కడుతున్నంతసేపూ ఆయన నోరు మాత్రం ఆగలేదు.

"చక్రం నట్లు సగం విప్పి ఉన్నాయి. వెనక బస్సు వస్తుంటే నా గతేంటి? ఇది దొంగతనం కాదమ్మా, హత్యాప్రయత్నం."

అధికారి వచ్చి, రేపు సాయంత్రం రైలు వెళ్ళాక తాళంచెవి ఇచ్చెయ్యమని పిన్నికి చెప్పేసి పోయాడు. పిన్ని ఏడవలేదు, బతిమాలలేదు. గుమాస్తా దగ్గరికి వచ్చి "బాగా నొప్పిగా ఉందా అండీ?" అని అడిగింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు నేను సెలవు పెట్టాను. ఆ దొంగను నా చేత్తో పట్టుకుని నాలుగు తగిలించకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. స్టాండు మూల చీటీలు రాసే చిన్న గది ఉంది. అందులో దాక్కుందామని వెళితే గుమాస్తా నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. చేతికి కట్టు, గడ్డానికి కట్టు, రెండో చేతిలో గొడుగు. వానాకాలం కాదు, అది దొంగను పొడవడానికి.

పిన్ని కుర్చీలో నిద్ర నటించాలని మా ఒప్పందం. ఆమె నటన ఎంత సహజంగా ఉందంటే, కాసేపటికి గురక వినిపించింది. గుమాస్తా నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

మధ్యాహ్నం ఎండ నిలువుగా దిగింది. రేకులు వేడికి టిక్కు టిక్కుమంటున్నాయి. ఎక్కడో ఒక చక్రం తిరుగుతోంది. నాక్కూడా రెప్పలు వాలుతున్నాయి. సరిగ్గా అప్పుడే వెనక కంచెలో తీగలు ఎడంగా ఉన్నచోట ఏదో నీలంగా కదిలింది.

మామ్మ.

నీలం కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని ఉంది. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఇక్కడ చేతులు ఊపుకుంటూ వచ్చింది. వరస మొదట్లో నిలబడి బండ్లన్నిటినీ ఒకసారి కలయజూసింది. జేబులోంచి పానా తీసి, మొదటి బండి ముందు గొంతుక్కూర్చుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మాకైతే రోజూ కలలోకి వచ్చి కనపడుతున్నా పట్టుకోవడం చేతకాలేదు.

"ఎవరావిడ?" అన్నాడు గుమాస్తా గుసగుసగా.

మెల్లగా వెళ్ళి పిన్ని భుజం తట్టాను. పిన్ని కళ్ళు తెరిచి, నీలం కోటును చూసి చిన్నగా నవ్వింది.

"వచ్చింది చూడు" అంది. అంతలోనే నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "నీక్కూడా కనపడుతోందా?"

"కల కాదు పిన్నీ."

పిన్ని లేవలేదు. నేను మామ్మ వైపు అడుగు వేయబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. మామ్మ వేళ్ళు ఇరుసు మీద ఆడుతున్నాయి. చక్రం తిప్పి, తల ఒక పక్కకు వంచి, దాని చప్పుడు వింది. మళ్ళీ తిప్పింది. ఏమీ గుర్తులేని ఆ ముఖంలో తికమక లేదు, భయం లేదు. పని తెలిసిన మనిషి ముఖం అది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందంటే చెప్పలేను.

నట్లు వదులు చేశాక, ఇరుసు సరిగా కూర్చుందో లేదో చూడటానికి మామ్మ చక్రాన్ని రెండు చేతులా పట్టి గట్టిగా కుదిపింది. సీటు కింద గోళీ దొర్లింది. కూత కిందినుంచి మెల్లగా లేచి, పైకి వెళ్ళి నిలబడింది.

మామ్మ భయపడలేదు, పారిపోలేదు. హాయిగా ఊపిరి వదిలి, నడుం నిటారు చేసింది. పానా తుడిచి జేబులో పెట్టుకుంది. చక్రాన్ని ఉన్నదున్నట్టు వదిలేసి కొళాయి దగ్గరికి నడిచింది. గట్టు మీద ఎక్కడో దాచిన సబ్బుముక్క తీసి మోచేతుల దాకా శుభ్రంగా కడుక్కోసాగింది.

అప్పుడు అర్థమైంది మాకు. అది ఆమెకు దొంగల అలారం కాదు, షిఫ్టు అయిపోయిందని కూసిన సైరన్. అలారం లేనన్నాళ్ళూ మామ్మ చేతిలో పని చేతిలోనే పూర్తయ్యేది. బెల్లు అటుదిటు అయితే అయ్యేదేమో గానీ నట్టు వదులుగా ఉండేది కాదు. ఆమెను ఆపడానికని మేము పెట్టిన అలారమే పనిని సగంలో వదిలేయించి ఇంటికి పంపిస్తోంది. మిగతావాళ్ళు పడకపోవడం వాళ్ళ అదృష్టం, గుమాస్తా గడ్డం పగలగొట్టింది మాత్రం మా జాగ్రత్తే.

పిన్ని లేచి కొళాయి దగ్గరికి వెళ్ళింది. మామ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"కొత్తగా చేరావా?"

"అవునండీ" అంది పిన్ని. "ఇవాళే చేరాను."

"మంచిది. ఆ బండి నట్లు కొంచెం బిగించి పెట్టమ్మా. పని సగంలో వదలకూడదు, నాకూ తెలుసు. కానీ సైరన్ కూశాక నా కాలు ఇక్కడ నిలవదు. ఇంట్లో పిల్లాడున్నాడు. సైరన్ విన్నాడంటే గుమ్మంలో వచ్చి కూర్చుంటాడు, ఎవరు పిలిచినా లోపలికి రాడు" అంటూ మామ్మ పానా తీసి పిన్ని చేతిలో పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా గుమాస్తా ఉన్నాడు, గొడుగు పట్టుకుని. మామ్మ ఆయన కట్లు చూసి గతుక్కుమంది.

"అయ్యో, మెషీన్లో పడ్డావా నాయనా? ఎవరు చేశారయ్యా ఈ పని? పని దగ్గర చూసుకోవద్దూ?" అని తడిచేత్తోనే ఆయన గడ్డం పట్టుకుని చూసింది. "నువ్వు రేపు రాకు. పడుకో. నీ బల్ల మీది పని నేను చేసిపెడతాలే, పైవాళ్ళకి చెప్పను."

గుమాస్తా గొడుగు కిందికి దించాడు. మామ్మ కంచె సందులోంచి బయటికి వెళ్ళిపోయింది.

"మా అత్తయ్యండీ" అంది పిన్ని. "దెబ్బ మావల్లే తగిలింది మీకు. సాయంత్రం తాళంచెవి ఇచ్చేస్తాను." ఆమె చేతిలో పానా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఒంటరిగా ఇంటికి చేరుతుందా ఆవిడ?" అన్నాడు గుమాస్తా.

"ఈ వెనక సందులోనేనండీ ఇల్లు."

ఆయన గొడుగు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. సాయంత్రం అధికారి వచ్చినప్పుడు "మొన్న చక్రం పంక్చరు వేయించాను. నట్లు నేనే సరిగా చూసుకోలేదేమో" అన్నాడు. కోర్టు మనిషి నోట అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని నాకు తెలియదు. అధికారి తాళంచెవి తీసుకోకుండానే అయోమయంగా వెళ్ళిపోయాక, పిన్ని దండం పెట్టబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నా బండి మాత్రం ఆవిడకి కనపడకుండా పెట్టండి" అన్నాడు.

పిన్ని మాత్రం మిగతావాళ్ళ దగ్గర దాచలేదు. రైలు దిగి వచ్చిన ప్రతివాళ్ళకీ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇష్టమున్నవాళ్ళు పెట్టుకోండి, లేనివాళ్ళు వద్దు అంది. కొందరు ముఖం చిట్లించి మర్నాటినుంచి బండ్లను బయట ఊచలకు గొలుసులతో కట్టుకున్నారు. కొందరు ఉండిపోయారు. ఒకావిడైతే "మా బ్రేకు మళ్ళీ ఒకసారి చూడమనండి" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయికి అంతా చెప్పాం. లోపలి గదిలో మామ్మ పడుకుని ఉంది, నీలం కోటు తలుపు వెనక మేకుకు తగిలించి ఉంది. బాబాయి చాలాసేపు ఆ కోటునే చూశాడు. తర్వాత, ఎప్పుడూ మాట్లాడని మనిషి, నేల చూస్తూ మాట్లాడాడు.

"దొంగలు బెదరాలంటే పెద్ద కూత కావాలనుకున్నాను. నాకు తెలిసిన కూతల్లో పెద్దది అమ్మ ఫ్యాక్టరీ సైరన్ ఒక్కటే. చిన్నప్పుడు రోజంతా ఆ కూత కోసమే చూసేవాణ్ణి. అది వినపడితే అమ్మ వచ్చేస్తుందని." పిన్ని లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

పొద్దున్నే బాబాయి వచ్చి సీట్ల కింద డబ్బాలన్నీ విప్పేశాడు. ఒక్కటి మాత్రం చీటీల గదిలో పెట్టి, దానికొక మీట బిగించాడు. మధ్యాహ్నం మామ్మ వచ్చింది. పిన్ని పక్కన కూర్చుని పానాలు అందించింది, కొత్తగా చేరిన మనిషి కదా. చేతిలో ఉన్న బండి పని పూర్తయి, మామ్మ చివరి నట్టు బిగించి బెల్లు మోగించాక, పిన్ని గదిలోకి వెళ్ళి మీట నొక్కింది. కూత లేచి స్టాండు దాటి, వెనక సందులోకి పోయింది. మామ్మ చేతులు కడుక్కుంది.

ఆమె ఇల్లు చేరేదాకా చూసి రమ్మని పిన్ని నన్ను వెనక పంపింది. సందులో మామ్మ గబగబా నడుస్తోంది. కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఇంటి గుమ్మంలో బాబాయి కూర్చుని ఉన్నాడు. పని మానుకుని వచ్చినట్టున్నాడు, పనిముట్ల సంచి పక్కనే ఉంది. మామ్మను చూసి లేవబోయి, మళ్ళీ అలాగే కూర్చుండిపోయాడు.

మామ్మ ఆయన ముందు ఆగి, ఆయన వెనక్కి, అటూ ఇటూ వెతికింది.

"అయ్యా, ఇక్కడ మా పిల్లాడు కూర్చుని ఉంటాడు. చూశారా?"

బాబాయి ముఖం ఒక్క క్షణం అదోలా అయిపోయింది. నేను గోడ పక్కనే నిలబడిపోయాను.

"లోపల పడుకున్నాడమ్మా" అన్నాడు. "ఇందాకటిదాకా మీకోసమే చూశాడు."

"ఏడ్చాడా?"

"లేదమ్మా."

"అన్నం తిన్నాడా?"

"తిన్నాడు."

"హమ్మయ్య. అయితే లేపకండి, నిద్రపోనివ్వండి" అని మామ్మ ఆయన పక్కనే గుమ్మంలో చతికిలబడింది. తడిచేతులు కోటుకు తుడుచుకుంది. కాసేపు అలుపు తీర్చుకున్నాక, పక్కన కూర్చున్న మనిషిని అడక్కపోతే బాగుండదన్నట్టు అడిగింది.

"మీరెవరికోసం కూర్చున్నారు?"

"మా అమ్మ కోసం" అన్నాడు బాబాయి.

మామ్మ ఆయన మోకాలి మీద మెల్లగా తట్టింది.

"వచ్చేస్తుందిలెండి. సైరన్ కూసిందిగా" అంది.